చూసినవారి గడి

6 జూన్

తమ్ముడూ,

నీ ఉత్తరం మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. వంటిల్లు సర్ది, గట్టు తుడిచి, చేతులు ఆరాక చదివాను. నాలుగు పేజీలు రాశావంటే ఏదో అవసరం పడే ఉంటుందని మీ బావ అన్నారు. ఆయన నోటికి తాళం లేదని నీకు తెలుసు. కానీ ఈసారి ఆయన అన్నదే నిజమైంది.

నాకు అర్థమైంది రాస్తున్నాను, తప్పయితే దిద్దు. నాన్న ఇరవై తొమ్మిదేళ్లు నీళ్లు శుద్ధి చేసిన చోట ఇప్పుడు నువ్వు చేస్తున్నావు. పాత ఇసుక పడకల బదులు కొత్తగా పొరల యంత్రం పెట్టారు. వేసవంతా బాగా నడుస్తుంది. మొదటి వానలకి కొండ మీది నాచు నేలల్లోంచి టీ రంగు నీళ్లు దిగగానే మూడో రోజుకల్లా ఆ పొరలు మూసుకుపోతున్నాయి, మందు పెట్టి కడిగినా తేరుకోవడం లేదు. రెండేళ్లు వరసగా అలాగే అయింది. ఈ వానలకీ అదే జరిగితే కొండ నీళ్లు మానేసి, కింద నది నుంచి పైపు వేసి, ప్లాంటు మూసేస్తామని ఇంజినీరమ్మ చెప్పింది. నిన్ను నది దగ్గరి పంపుహౌసుకి మారుస్తారు. క్వార్టర్లు పడగొడతారు. అంటే మన వంటింటి కిటికీ కూడా పోతుంది.

ఆఫీసులో ఉండాల్సిన పాత రోజువారీ లెక్కల పుస్తకాలు ఎప్పుడో తూకానికి వేసేశారు కాబట్టి, ఏ రంగు నీళ్లకి ఎంత మందు పట్టాలో తేల్చడానికి నాన్న ఇంట్లో చేసిన గ్లాసు పరీక్షల పుస్తకాలు పంపమన్నావు.

పుస్తకాలు పదకొండూ నా దగ్గరే ఉన్నాయి. పాత దుప్పటిలో చుట్టి రేకు పెట్టెలో పెట్టాను. ఏటా వేసవిలో తీసి ఎండ చూపిస్తాను. ఒక్క పురుగు కూడా పట్టలేదు. అయితే పంపను. పోస్టులో పోతే మళ్లీ పుట్టవు. ఏ ఏడాది, ఏ నెల కావాలో రాయి. నేను నకలు తీసి పంపుతాను. నా నకలులో తప్పు ఉండదని నీకు తెలుసు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ కిటికీ గట్టే కళ్ల ముందు ఉంది. దాని మీద ఆరు గాజు గ్లాసులు వరసగా పెట్టేవాళ్లం. వాటి వెనకాల నీలం అంచు తెల్ల పళ్లెం నిలబెట్టేవాళ్లం. పొద్దున వెలుగు పడితే ఆరు గ్లాసుల్లోనూ ఆరు రకాల గోధుమ రంగు. ఇక్కడ కుళాయిలో వచ్చే నీళ్లకి రంగూ లేదు, రుచీ లేదు. ముప్పై ఏళ్లుగా తాగుతున్నాను, ఇంకా పరాయి నీళ్లలాగే ఉన్నాయి.

మరదలి మోకాలు ఎలా ఉంది? మెట్లు తగ్గించమను.

అక్క


15 జూన్

లెక్కలక్కా,

"అయితే పంపను" అన్న నీ వాక్యం మీ మరదలికి రెండుసార్లు చదివి వినిపించాను. వదిన గారు తాళంచెవులు దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి, అడగడమే నీ తప్పు అంది. నేను అనలేదు, తనే అంది.

నకలైనా సరే పంపు. కానీ ముందు మా పొరలంటే ఏమిటో చెప్పనీ, పాల మీద మీగడ లాంటిది అనుకుంటున్నావేమో. అవి చీపురు పుల్లంత సన్నటి గొట్టాలు, లోపల బోలు. వేల గొట్టాలు కట్టగా కట్టి, మనిషి కంటే ఎత్తయిన పైపులో దించుతారు. అలాంటి పైపుల వరస ఒకటి ఒక అర. మాకు మూడు అరలున్నాయి. గొట్టం గోడ నిండా కంటికి కనపడని రంధ్రాలు. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి లోపలికి వస్తాయి, మలినం బయట ఆగుతుంది. అరగంటకొకసారి నీళ్లు వెనక్కి తోసి కడుగుతాం. బురదైతే చక్కగా వదిలిపోతుంది. మన కొండ రంగు బురద కాదు కదా. ఆకులూ నాచూ కుళ్లి నీళ్లలో కరిగిన రసం అది. సరాసరి రంధ్రాల్లోకి దూరి అంటుకుంటుంది. కాబట్టి ముందు పటిక వేసి, ఆ రసాన్ని దూది పీచులా ముద్ద కట్టించాలి. అప్పుడే అది బయట ఆగుతుంది. నాన్న చేసిందీ అదే. అప్పట్లో ఇసుక కొంచెం ఓర్చుకునేది. వీటికి ఆ ఓర్పు లేదు.

నాకు ప్రతి ఏడూ మొదటి వానల పదిహేను రోజులూ కావాలి. రంగు, పటిక, సున్నం, కలిపిన సేపు. ఇంకా ఏ గడులుంటే అవి.

ఇంకో సంగతి. ఇంజినీరమ్మకి నాన్న గురించి చెప్పాను. గ్లాసు వెలుతురుకి ఎత్తి, ఒక్క క్షణం చూసి "ఆరు" అనేవారని, తొమ్మిది రంగు సీసాలతో పోల్చి చూస్తే సరిగ్గా ఆరే అయ్యేదని. ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్లు, కాగితం లేకపోతే దేన్నీ నమ్మదు, అయినా ఆసక్తిగానే విన్నది. ఈ గండం గడిస్తే పరీక్షల గదికి నాన్న పేరు పెట్టి, ఆయన చేత్తో రాసిన పేజీ ఒకటి అద్దం కట్టించి గోడకి పెడదామంది. అందుకైనా ఒక పుస్తకం పంపకూడదా? పంటి కింద రాయిలా ఈ ఒక్క విషయంలో నీ మొండితనం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

నాకు ఏడేళ్లప్పుడు నాన్న పక్కన నేల మీద కూర్చుని పలక మీద ఎక్కాలు రాసేవాణ్ని. ఆయన కళ్లు చూస్తూ పెరిగాను. ఈ ఉద్యోగానికి అందుకే వచ్చాను.

మీ మరదలి మోకాలు మెట్లెక్కనంటోంది, నోరు మాత్రం బాగానే ఉంది.

తమ్ముడు


23 జూన్

తమ్ముడూ,

దీనితో పద్నాలుగు కాగితాలు ఉన్నాయి. లెక్కపెట్టుకో. ఏడాదికొకటి కొన్ని, రెండేసి కొన్ని. ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రతి అంకె రెండుసార్లు సరిచూశాను, రెండోసారి మీ బావ చదువుతుంటే నేను టిక్కు పెట్టాను. సీరియల్ చూడనివ్వకుండా నీళ్ల లెక్కలు చదివిస్తున్నావని గొణిగారు గానీ ఒక్క అంకె కూడా దాటెయ్యలేదు. డిపోలో టికెట్ల లెక్క చూసిన మనిషి కదా.

ఒక వరస ఇక్కడే రాస్తున్నాను, చదివే పద్ధతి తెలియడానికి. రంగు 7, పటిక నీళ్లు 22 చుక్కలు, సున్నపు తేట 6, కలపడం 12. రంగు 7 అంటే పాలు పోయని చిక్కటి టీ. తొమ్మిది ఒక్కసారే వచ్చింది, నాలుగో పుస్తకంలో, నాచు నేల గట్టు తెగినప్పుడు.

నాన్న చేతి పేజీ గోడకి పెట్టడం ఎందుకు? ఆయన బతికుండగా ఫొటో దిగమన్నా తల తిప్పేసుకునేవారు. పని నిలబడితే చాలు. గోడ సంగతి వదిలెయ్.

పుస్తకాలు పంపకపోవడం మొండితనం కాదు. అంతకంటే రాయలేను.

అక్క


9 జూలై

అక్కా,

మొదటి వాన రెండో తేదీన పడింది. నీ అంకెలతోనే మొదలుపెట్టాం. మోతాదులు మా నీళ్లకి తగ్గట్టు లెక్కగట్టి, సున్నం వేసి, పటిక వేసి, పన్నెండు నిమిషాలు నిదానంగా కలిపి పొరల మీదికి పంపాం. నాలుగో రోజు పొద్దున మొదటి అర మూసుకుపోయింది. ఒత్తిడి ముల్లు ఎర్ర గీత దాటింది. కడిగినా దిగలేదు. ఇక రెండే అరలున్నాయి.

ఇంజినీరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "మీ నాన్నగారి కన్ను గొప్పదే కావచ్చు, కానీ ఆ అంకెలు కాగితం మీదికి వచ్చేసరికి ఏదో అయింది" అంది. అందరి ముందూ అంది.

నాకు రాత్రంతా ఒకటే ఆలోచన. నువ్వు తప్పు రాసేదానివి కాదు, తెలుసు. కానీ అక్కా, ఇది పాల లెక్క కాదు, రసాయనశాస్త్రం. ఏ గడి ముఖ్యమో, ఏ గుర్తు పక్కన ఏముందో చదువుకున్న వాళ్లకే తెలుస్తుంది. తొమ్మిదో తరగతితో మానేసిన మనిషిని ఇంతకంటే అడగడం నాదే పొరపాటు. చదువు మీద నీకెప్పుడూ మనసు లేదు, ఇల్లే ఇష్టం, అది తప్పనడం లేదు. నాన్న స్వయంగా రాసిన పేజీలు నేను నా కళ్లతో చూడాలి. అది నీ ఒక్కదాని ఆస్తి కాదు.

తమ్ముడు


15 జూలై

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించలేదు. ఎలా ఉన్నారట అని అడిగితే, వానలు పడ్డాయట అన్నాను.

తొమ్మిదో తరగతి సంగతి నాకు గుర్తుంది. మళ్లీ గుర్తుచేయక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. నువ్వు రంగు ఎప్పుడు చూస్తున్నావు, సున్నం వేయక ముందా, వేశాకా? సున్నం పడితే మన కొండ నీళ్లు ముదురుతాయి. ఒక గ్లాసులో వేసి చూడు, రెండు నిమిషాల్లో ఐదు ఆరవుతుంది. పుస్తకంలో రంగు సున్నం ముందు చూసింది. సున్నం కూడా ముందంతా వెయ్యకూడదు. ఆరు చుక్కల్లో ఒక్కటే ముందు. మన నీళ్లు మెత్తన, బొత్తిగా లేకపోతే పటిక పుల్లబడి ముద్ద కట్టదు. అది ముద్ద కట్టించాక, నీళ్లు వడిశాక, మిగతా ఐదూ. ముందే అంతా వేస్తే రంగు మొండికేస్తుంది. నువ్వు పటిక పెంచుతూ పోతావు, అది లొంగదు.

ఇక్కడ పక్కింటావిడ కొత్తగా నీళ్ల శుద్ధి యంత్రం కొనుక్కుంది. చూడ్డానికి నన్ను పిలిచింది. గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తి చూశాను. ఎందుకలా చూస్తున్నారంది. అలవాటు అన్నాను.

అక్క


28 జూలై

అక్కా,

సున్నం నువ్వు చెప్పినట్టే మార్చాం. ఒక వంతు ముందు, ఐదు వంతులు పొరలు దాటాక. ఆ సాయంత్రానికే గ్లాసులో నీళ్లు తేటపడ్డాయి. ఇంజినీరమ్మ యంత్రంలో పెట్టి చూసి, మళ్లీ పెట్టి చూసింది. ఎవరు చెప్పారు అని అడిగింది. మా అక్క అన్నాను. ఆవిడ ఏం చదివారు అంది. నేను గ్లాసు కడగడానికి వెళ్లాను. మొన్నటి నా ఉత్తరంలో ఆ మాట రాసి ఉండకూడదు. పోస్టు డబ్బాలో వేసిన చెయ్యి ఇంకా గుర్తొస్తూనే ఉంది.

కానీ గండం గడవలేదు. రంగు విరుగుతోంది గానీ పీచు పెద్దది కావడం లేదు. పిండి రాలినట్టు సన్నగా ఉండిపోయి రంధ్రాల్లో ఇరుక్కుంటోంది. రెండో అర ఒత్తిడి రోజుకింత పెరుగుతోంది. పన్నెండు నిమిషాలు చాలడం లేదని నాకనిపిస్తోంది. కలిపే తొట్టిలో నీళ్లు ఎక్కువసేపు ఉంచాలంటే ఊరికి వెళ్లే నీళ్లు సగానికి తగ్గించాలి. ఊహ మీద ఊరిని ఎండబెట్టలేను, ఆధారం చూపించు అంటోంది ఇంజినీరమ్మ. న్యాయమే. అసలు వానలు ఆగస్టు పదికి మొదలవుతాయి. రెండో అర పోతే మిగిలిన ఒక్క అర ఊరికి చాలదు, కథ అయిపోయినట్టే.

కాబట్టి రెండు ప్రశ్నలు. ఆ 12 పక్కన నాన్న ఇంకేమైనా రాశారా? రెండోది, సున్నం సంగతి నువ్వు పంపిన పద్నాలుగు కాగితాల్లో ఎక్కడా లేదు. రంగు ముందు చూస్తారో తరువాత చూస్తారో ఏ గడీ చెప్పదు. గ్లాసు ముందు ఏళ్ల తరబడి నిలబడితే తప్ప అది తెలియదు. నీకెలా తెలుసు అక్కా?

తమ్ముడు


2 ఆగస్టు

తమ్ముడూ,

ఈ ఉత్తరం, పుస్తకాలు పదకొండూ, పోస్టులో కాదు, మీ బావ చేతికిచ్చి రేపు పొద్దుటి బస్సుకి పంపుతున్నాను. పోస్టులో పోతాయన్నది సాకు. ముందు ఉత్తరం చదువు. తరువాతే పుస్తకాలు విప్పు.

మొదటి రెండు పుస్తకాలు నాన్న చేతిరాత. మూడో పుస్తకం నుంచి పదకొండో దాకా నాది.

అమ్మ పోయిన మూడో ఏడు నాన్న చూపు మసకబారింది. నాకు పదమూడు, నీకు ఏడు. నడవగలరు, మనిషిని గుర్తుపట్టగలరు, పెద్ద అక్షరాలు చదవగలరు. రంగు తేడా మాత్రం పోయింది. నరం చచ్చిపోతోంది, అద్దాలతో పని లేదని డాక్టరు చెప్పాడట. ఒకరోజు పొద్దున ఆరు గ్లాసులూ వరసగా ఎత్తి చూసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తి చూసి, కింద పెట్టేశారు. తరువాత నన్ను పిలిచి, నీకు వీటిలో ఏది లేతగా కనిపిస్తోందమ్మా అని అడిగారు. మామూలుగా అడిగినట్టే అడిగారు. మూడోది అన్నాను. ఆయన తల ఊపారు. అప్పుడు నాకు తెలిసిపోయింది.

ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది. మనం ముగ్గురం ఎక్కడికి పోతాం? అందుకని మాలో మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన కుర్చీలో కూర్చుని గ్లాసు ఎత్తుతారు. నేను వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసి వేలితో తడతాను. ఆరుసార్లు తడితే ఆయన "ఆరు" అంటారు. అక్క నాన్న మెడ నొక్కుతోందని నువ్వు అనుకునేవాడివి. నువ్వు పలక కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లగానే నేను పుస్తకంలో రాసేసేదాన్ని. సున్నం ఒక్క చుక్క ముందు, ఐదు తరువాత అన్నది నాన్న నేర్పారు. దానికి నీళ్ల రంగు ఎలా మారుతుందో నేను చూసి ఆయనకి చెప్పేదాన్ని. ఎన్ని చుక్కలన్నది ఇద్దరం కలిసి తేల్చేవాళ్లం.

ఇక ఆ 12. అది నిమిషాలు కాదు. మొదటి రెండు పుస్తకాల్లో ఆ గడే లేదు, నాన్న అప్పట్లో పీచు చూసే చెంచా ఆపేవారు. మన ఇంట్లో గోడ గడియారం ఆ ఏడే ఆగిపోయింది, నాన్న చేతి గడియారం ఆయనకి కనపడేది కాదు. గడియారం నువ్వే. గ్లాసులు కలపడం మొదలుపెట్టగానే నిన్ను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పమనేవారు. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా, పలక మీద రాస్తూ, పైకి చెబుతూ. నువ్వు పన్నెండు పన్నెండ్లు చెప్పేదాకా నేను చెంచా ఆపకూడదు. అప్పటికి పీచు పట్టుకుచ్చులా విచ్చుకుని నెమ్మదిగా దిగేది. కొత్త గడియారం కొన్నాక ఒకసారి సరిచూశాను. ఏడో ఎక్కం దగ్గర నువ్వు ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టేది కూడా కలుపుకుని ఇరవై నాలుగు నిమిషాలు. నిన్ను హాస్టలు బడికి పంపించాక నేనే నీ వేగంతో మనసులో చెప్పుకునేదాన్ని, నువ్వు ఆగిన చోట ఆగుతూ.

నీకు నకలు రాసేటప్పుడు 12 దగ్గర నా పెన్ను ఆగింది. ఉన్నది ఉన్నట్టు రాశాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. విడమరిచి రాస్తే చెంచా ఎవరి చేతిలో ఉందో చెప్పాల్సి వస్తుంది. అందుకే ఒక అర పోయింది. ఆ తప్పు నాది. ఇంజినీరమ్మకి అలాగే చెప్పు.

చదువు మీద మనసు లేదన్నావు. తొమ్మిది పాసయ్యాక కింద ఊళ్లో హాస్టలు సీటు వచ్చింది నాకు. ఉత్తరం వచ్చిన సాయంత్రం నాన్న వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను పెరట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. మర్నాడు పొద్దున కిటికీ గట్టు మీద ఆరు గ్లాసులున్నాయి. అంతే. మూడేళ్లకి అదే హాస్టలుకి నిన్ను పంపాం, నీ ట్రంకు పెట్టె సర్దింది నేనే. నువ్వు దీన్ని త్యాగం అనొద్దు. నాకు ఆ పని ఇష్టం. ఊరి మొత్తం మీద ఆ రంగులు నా అంత బాగా చూడగలిగిన వాళ్లు ఇంకొకరు లేరని నాకు తెలుసు. నాన్న రిటైరయ్యి, నాకు పెళ్లై ఇక్కడికి వచ్చాక దేనిలోనూ నాకంత నమ్మకం కలగలేదు. పప్పు డబ్బాల మీద తేదీలు అతికిస్తూ బతికాను.

పుస్తకాలు విప్పితే చివరి గడి చూడు. "చూసినవారు" అని ఉంటుంది. నకలులో అది రాయలేదు. మొదటి రెండింట్లో రోజూ నాన్న సంతకం ఉంటుంది. మూడో పుస్తకం నుంచి ఖాళీ. కొత్త పుస్తకానికి గీతలు గీసినప్పుడల్లా ఆ గడి గీయమనేవారు, నింపనిచ్చేవారు కాదు. తను చూడనిది చూశానని సంతకం పెట్టరు. నన్ను పెట్టనిస్తే బయటపడుతుంది. ఆఖరి రోజుల్లో నాతో అన్నారు, "చిన్నోడు నా కన్ను చూసి పెద్దవాడయ్యాడు. వాడికి అది ఉండనీ" అని. ఉంచాను. నువ్వు గోడకి పెడతానన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నీ ప్లాంటా, నాన్న మాటా అని తూచుకుని, ఈ రోజు నాన్న మాట తప్పాను. కొండ నీళ్లు ఆగిపోతే ఆయనకి ఇంకా బాధ అని నా లెక్క. లెక్క తప్పితే నన్నే అను.

మీ బావకి ఏమీ చెప్పలేదు. సంచి బరువెందుకుందని అడిగితే పాత పుస్తకాలన్నాను. ఆయన్ని రెండు రోజులు ఉంచుకుని పంపు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకో.

అక్క


30 ఆగస్టు

తమ్ముడూ,

కార్డు ముక్క రాస్తున్నాను. మీ బావ తిరిగొచ్చి ఇరవై నాలుగు రోజులైంది. నువ్వు ఉత్తరం చదివి పుస్తకాలు తీసుకుని ప్లాంటులోకి వెళ్లిపోయావని, ఆయన బస్సెక్కేదాకా సరిగ్గా మాట్లాడలేదని చెప్పారు. కోపం వస్తే కోపమనే రాయి. వానలు ఇక్కడ బాగా పడుతున్నాయి. అక్కడ ఎలా ఉన్నాయో పేపర్లో చూస్తున్నాను. నీళ్ల సంగతి పేపర్లో రాయరు.

అక్క


19 సెప్టెంబర్

అక్కా,

ముందు నాన్న మీద కోపం వచ్చింది. తరువాత నీ మీద. రెండూ నిలవలేదు. చివరికి ఏడో ఎక్కం మీద మిగిలింది.

వరసగా చెబుతాను, నీకు వరస తప్పితే నచ్చదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పరీక్షల గదిలో ఆరు గ్లాసులు పెట్టాను. ఇంజినీరమ్మకి ఉన్నదంతా చెప్పాను, ఎవరు చూశారో, ఎవరు కలిపారో. ఆధారం అడిగారు కదా, ఇదీ ఆధారం అన్నాను. తను స్టాప్‌వాచీ పట్టుకుంది. నేను బజారు నుంచి పలక కొనుక్కొచ్చి నేల మీద కూర్చున్నాను. నలభై ఆరేళ్లవాడిని, ఆరుగురు పనివాళ్లు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు, రెండు ఒకట్ల రెండు అని మొదలుపెట్టాను. ఏడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయాను. కావాలని కాదక్కా, నిజంగానే ఆగిపోయాను. ఎవరూ నవ్వలేదు. ఇంజినీరమ్మ మాత్రం మెల్లిగా "మళ్లీ మొదలుపెట్టండి" అంది. పన్నెండు పన్నెండ్లు అయ్యేసరికి ఇరవై నాలుగు నిమిషాల నలభై సెకన్లు. తలెత్తి చూస్తే గ్లాసులో పీచు విచ్చుకుని దిగుతోంది. నువ్వు రాసినట్టే.

పదో తేదీన పెద్ద వాన దిగింది. రంగు ఎనిమిది. ఊరికి పదహారు రోజులు పూటవిడిచి పూట నీళ్లిచ్చాం. తిట్లు తిన్నాం. కలిపే తొట్టిలో ఇరవై నాలుగు నిమిషాలు ఉంచి, ఆ తరువాతే పొరల మీదికి పంపాం. రెండో అర ఒత్తిడి పెరగడం ఆగింది. కడిగిన ప్రతిసారీ ముల్లు వెనక్కి దిగింది. నేను రోజూ రాత్రి ఆ ముల్లు ముందే కుర్చీ వేసుకుని పడుకున్నాను. అందుకే ఉత్తరం రాయలేదు. అది సగం నిజం. మిగతా సగం, ఏం రాయాలో తెలియలేదు.

మొన్న ఇంజినీరమ్మ రిపోర్టు పంపింది. కొండ నీళ్లు ఆపడం లేదు. పాత ఇసుక పడకల గొయ్యి ఉంది కదా, నువ్వు బట్టలు ఆరేసే తీగ పక్కన. దాన్ని రెండో కలిపే తొట్టిగా కడతారు. వచ్చే వానలకి ఊరిని ఎండబెట్టకుండానే ఇరవై నాలుగు నిమిషాలు దొరుకుతాయి. క్వార్టర్లు ఉంటాయి. కిటికీ కూడా.

గోడకి పేజీ పెట్టలేదు. ఇంజినీరమ్మ మూడో పుస్తకం తిరగేసి, చివరి గడి మీద వేలు పెట్టి, ఇది పూర్తికాని రికార్డు, సంతకం లేకుండా నేను గోడకి పెట్టనివ్వను అంది. నేను పెన్ను తీశాను, నీ పేరు నేనే రాసేద్దామని. మూత తీసి, మళ్లీ పెట్టేశాను. నేను చూడలేదు కదా. నేను ఆ గదిలోనే కూర్చుని మూడేళ్లు ఏమీ చూడలేదు.

తొమ్మిది పుస్తకాలూ పరీక్షల గది బల్ల మీద ఉన్నాయి. నువ్వు రా. కింద రోడ్డు దాకా జీపు తెస్తాను. మీ మరదలు నీ కోసం కిటికీ దగ్గర సామాన్లు తీసేసి గట్టు ఖాళీ చేసింది, మోకాలు నొప్పి అంటూనే.

తమ్ముడు


24 సెప్టెంబర్

తమ్ముడూ,

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నీలం అంచు పళ్లెం తెస్తున్నాను, ఒక చోట పెచ్చు లేచింది గానీ తెలుపు తెలుపుగానే ఉంది.

తొమ్మిది పుస్తకాలకి మొత్తం మూడువేల రెండువందల ఎనభై ఏడు గడులు. నాకు జ్వరం వచ్చిన రోజుల్లో కూడా నాన్న గ్లాసులు మంచం దగ్గరికి తెచ్చేవారు, కాబట్టి తీసివేత ఏమీ లేదు. రోజుకి మూడువందల చొప్పున పదకొండు రోజులు పడుతుంది. మీ బావకి అన్ని రోజులకీ ఏ డబ్బాలో ఏముందో రాసి పెడుతున్నాను. పదకొండు రోజులా అన్నారు. ముప్పై ఏళ్ల పెండింగు అన్నాను. సంచి తనే బస్టాండు దాకా మోస్తానన్నారు.

ఒక షరతు. మూడు, నాలుగు, ఐదు పుస్తకాల్లో నేను ఒక్కదాన్నే సంతకం పెట్టను. ఆ మూడేళ్లూ కలిపిన సేపు కొలిచింది నువ్వు. 12 ఉన్న ప్రతి చోటా పక్కన నీ సంతకం కూడా ఉండాలి, లేకపోతే అదీ పూర్తికాని రికార్డే. నీ పెన్ను నువ్వు తెచ్చుకో. నాది ఇవ్వను.

అక్క